జవాబులన్నీ వచ్చాక మొదలయ్యే పాఠం

బి.ఎడ్. కాలేజీల్లో విద్యా మనస్తత్వశాస్త్రం చెప్పడానికి కొత్తగా చేరుతున్న పిల్లలు నన్ను కలిసినప్పుడు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడం, సృజనాత్మకత యూనిట్ ఎలా చెప్పాలండీ?" రెండు ముక్కల్లో తేలే జవాబు నా దగ్గర లేదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. నేను ఎప్పుడు ఏ హోదాలో ఉన్నానో, ఏ కమిటీలో కూర్చున్నానో ఇందులో ఉండదు. వాటివల్ల మీకూ ఉపయోగం లేదు, నాకూ అవి పెద్దగా గుర్తు లేవు.

బాపట్ల కాలేజీలో చేరిన మొదటి ఏడాది ఆ యూనిట్‌ని ఎంతో ఇష్టపడి చెప్పాను. ఒక ప్రశ్నకి ఎన్ని రకాల జవాబులు ఉండొచ్చో నాలుగు వైపులా వెతకడం విభిన్న ఆలోచన అని, వచ్చినవాటిని తూచి, వడగట్టి, సరైనదాని దగ్గరకు చేరడం సమైక్య ఆలోచన అని బోర్డు మీద రాశాను. సృజనశీలి అయిన విద్యార్థి లక్షణాలు వరసగా వివరించాను. తర్వాత పరీక్షలో ఆ లక్షణాలే రాయమన్నాను. తరగతి మొత్తం అవే లక్షణాలు, అదే వరసలో, తొందరలో నేను బోర్డు మీద చేసిన అక్షరదోషంతో సహా రాసి ఇచ్చింది.

పేపర్లు దిద్దుతూ నవ్వుకున్నాను. నవ్వు అయిపోయాక భయం వేసింది. వీళ్ళే కదా రేపు బళ్ళలోకి వెళ్ళేది! సృజనాత్మకత గురించి చెప్పడం వేరు, దాన్ని తరగతిలో జరిపించడం వేరు. ఆ రెండోదే మన ఉద్యోగం. అది నాకు పుస్తకాల్లో దొరకలేదు. అంతకు ముందు రేపల్లెలో కొంత నేర్చుకున్నా, కాలేజీలో దాన్ని వాడటం అప్పటికి తట్టలేదు.

రేపల్లె: ఒకే గోనెసంచి

ఎనభైల మొదట్లో రేపల్లెలో ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరుగా పనిచేశాను. మాది తెనాలి. మా నాన్న లూథరన్ బడిలో ఉపాధ్యాయుడు. రోజూ పొద్దున రైల్లో రేపల్లె వెళ్ళి, సాయంత్రం రైల్లో ఇంటికి వచ్చేదాన్ని. చదువు అప్పుడే ముగించి వచ్చానేమో, చదివిందంతా వెంటనే తరగతిలో పెట్టేయాలన్న ఆరాటం ఉండేది.

ఒకరోజు ఎనిమిదో తరగతిలో పాఠం పక్కనపెట్టి, "గోనెసంచి ఎన్ని పనులకి వస్తుంది?" అని అడిగాను. ధాన్యం పోయడానికని ఒకమ్మాయి అన్నాక మిగతావాళ్ళు అందుకున్నారు. గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకోవడానికి, వానలో నెత్తిన కప్పుకోవడానికి, కల్లంలో పరుచుకోవడానికి, సోడా బండి మీద ఐసు గడ్డ కరగకుండా చుట్టడానికి, నానబెట్టిన విత్తనాలను మొలకెత్తేదాకా మూటగట్టడానికి. బోర్డు నిండిపోయింది. బెల్లు కొట్టారు. నేను పొంగిపోతూ బయటికి వచ్చాను.

వరండాలో మా హెడ్మిస్ట్రెస్ రాజేశ్వరమ్మ గారు నిలబడి ఉన్నారు. ఆవిడది ఆ చుట్టుపక్కల పల్లెల్లో వ్యవసాయ కుటుంబం. లెక్కలు చెప్పేవారు. మాట కటువు.

"అంతా విన్నానమ్మాయ్. పిల్లలు బాగా చెప్పారు" అన్నారు.

"థాంక్సండీ."

"నువ్వేం చెప్పావు?"

నాకు అర్థం కాలేదు.

"ఐసుని గోనెలో చుడితే చల్లగా ఉంటదన్నారు. విత్తనాలు గోనెలో చుడితే వెచ్చగా ఉంటయ్యన్నారు. ఒకే గోనె రెండు పనులూ ఎట్టా చేస్తదో అడిగావా?"

ఆవిడ చేతిలో ఉన్న సుద్దముక్క నా చేతిలో పెట్టారు. "రేపు అడుగు. పిల్లలు బోర్డంతా నింపి ఇస్తే నువ్వు తుడిచేసి వచ్చావు. పాఠం అందులోనే ఉంది."

మర్నాడు అడిగాను. ఆ పీరియడంతా యుద్ధమే. గోనెలో వేడి ఉంటుందని కొందరు, చలవ ఉంటుందని కొందరు. చివరికి వెనక బెంచీలో కూర్చునే ఒకమ్మాయి నిదానంగా లేచి, "గోనెలో ఏదీ ఉండదేమోనండి. లోపలున్నదాన్ని బయటికి పోనియ్యదు, బయటున్నదాన్ని లోపలికి రానియ్యదు. అంతేనేమోనండి" అంది. ఉష్ణబంధకం అనే మాట నేను అప్పుడు బోర్డు మీద రాశాను. ఆ మాటని ఆ పిల్లలు బట్టీపట్టాల్సిన అవసరం రాలేదు. అది వాళ్ళ వస్తువైపోయింది.

విభిన్న ఆలోచన గురించి రాసేవాళ్ళు సమైక్య ఆలోచనని విలన్‌ని చేస్తుంటారు. ఒకటి స్వేచ్ఛ, రెండోది సంకెల అన్నట్టు. అది తప్పు. తలుపులన్నీ తెరవడం ఎంత అవసరమో, ఏ తలుపులోంచి నడవాలో తేల్చుకోవడమూ అంతే అవసరం. మొదటిది చేసి ఆపేస్తే పిల్లలకి సరదా మిగులుతుంది. రెండోదే చేయిస్తే బట్టీ మిగులుతుంది. ఈ సంగతి నాకు నేర్పినావిడ సృజనాత్మకత మీద పుస్తకం ఒక్కటీ చదవలేదు, లెక్కల టీచరు గనక నేర్పగలిగారు.

బాపట్ల: సగం చూసిన పాఠం

నేను బాపట్ల కాలేజీకి వచ్చాక, ఎనభైల చివర్లో, జ్యోతి అనే విద్యార్థిని చేరింది. చీరాల పక్కన పేరాలలో చేనేత కుటుంబం. ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది తనొక్కతే. బి.ఎడ్. కోసం పెళ్ళి ఒక ఏడాది ఆపుతామని, తర్వాత మళ్ళీ పుస్తకం పట్టుకుంటానంటే కుదరదని ఇంట్లో ముందే చెప్పి పంపారు. తరగతిలో ఎక్కువ మాట్లాడేది కాదు. కానీ పాఠ్యపథకం తీసుకుని నా దగ్గరకు వచ్చినప్పుడు మాత్రం వదిలేది కాదు.

"మేడం, బాష్పీభవనం చెప్పాలండి. ప్రయోగం పుస్తకంలో ఉంది. అది చేస్తే పిల్లలు చూస్తారు, రాసుకుంటారు. నాకు వాళ్ళ చేత చెప్పించాలని ఉందండి."

"ఏం అడుగుతావు?"

"ముసురు పట్టినప్పుడు మా ఇంట్లో గంజి పెట్టిన నూలు ఆరక మా అమ్మ నానా పాట్లూ పడుద్దండి. నూలు సంగతి వీళ్ళకి తెలీదు గదా. తడిసిన బట్టలు వానాకాలంలో ఎట్టా ఆరబెడతారని అడుగుతానండి."

"అన్నీ వచ్చాక?"

"వచ్చినవన్నీ బోర్డు మీద కలగాపులగంగా రాస్తానండి. ఏది ఏ కారణంతో పనిచేస్తుందో వాళ్ళనే వేరు చెయ్యమంటాను."

నేను సంతకం పెట్టాను.

వార్షిక బోధనా పరీక్ష బయటి నుంచి వచ్చే పరీక్షకుడి సమక్షంలో జరుగుతుంది. ఆ ఏడాది వచ్చినాయన విశ్వనాథం గారు, విద్యాశాఖలో అధికారిగా చేసి రిటైరైన మనిషి. ప్రాక్టీసు స్కూల్లో ఒకేసారి చాలా తరగతుల్లో పాఠాలు నడుస్తుంటాయి. పరీక్షకుడు ఒక్కో గదిలో కాసేపు కూర్చుని, ఏదో రాసుకుని, పక్క గదికి వెళ్ళిపోతాడు.

ఆయన జ్యోతి తరగతికి వచ్చేసరికి ఏడో తరగతి పిల్లలు పూర్తి ఉత్సాహంలో ఉన్నారు. నేను గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాను. పొయ్యి పైన దండెం కడతామని ఒకడు, ఫ్యాను కింద కుర్చీ మీద పరుస్తామని ఒకమ్మాయి, పొడి తువ్వాల్లో చుట్టి తొక్కుతామని ఇంకో అమ్మాయి. సైకిలు వెనక కట్టుకుని తొక్కుతానని ఒకడు అనగానే గది గొల్లుమంది. అప్పుడు సూర్యలంక సముద్రతీరం వైపు పల్లె నుంచి వచ్చే కోటేశ్వరి అనే పిల్ల లేచింది.

"నేను ఒంటి మీదే ఆరబెట్టుకుంటానండి. నాకు ఇంకో యూనిఫారం లేదు."

పిల్లలు నవ్వారు. జ్యోతి నవ్వలేదు. ఆ జవాబుని కూడా మిగతావాటితో సమానంగా, అదే సైజు అక్షరాలతో బోర్డు మీద రాసి, "ఆరుద్దా మరి?" అని అడిగింది.

"నడిస్తే ఆరుద్దండి. కూర్చుంటే ఆరదు."

"ఎందుకని?" అంది జ్యోతి తరగతి వైపు తిరిగి. ఒక్కసారిగా అందరూ మాట్లాడటం మొదలుపెట్టారు. ఇద్దరు బెంచీ ఎక్కారు. విశ్వనాథం గారు చెవి మీద చెయ్యి పెట్టుకుని, ఏదో రాసుకుని, లేచి వెళ్ళిపోయారు. ఆ గోలంతా ఎలా సర్దుకుందో, ఆ జవాబులు గాలి, వేడి, పరుచుకున్న వైశాల్యం, గాల్లో తేమ అనే నాలుగు గుంపులుగా ఎలా విడిపోయాయో ఆయన చూడలేదు.

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారు నన్ను పక్కకు పిలిచారు. "మీ పిల్ల ఒకామె తప్పిందండీ రత్నం గారూ. తరగతి నిర్వహణ శూన్యం అని రాశాడాయన."

ఎవరో అడగక్కర్లేదు.

"ఆయన మధ్యలో లేచిపోయారండి. నేనున్నాను అక్కడ."

"అదే గదండీ పద్ధతి. అందరివీ మధ్యలోనే చూస్తారు. ఎక్స్‌టర్నల్‌తో వాదన పెట్టుకుంటే ఆ కోపం మిగతావాళ్ళ మార్కుల మీద పడుద్ది. ఊరుకోండి."

ఆయన మాటలో అబద్ధం లేదు. అలా జరగడం అంతకు ముందు చూశాను. అయితే ఊరుకుంటే పేరాల నుంచి వచ్చిన ఆ పిల్ల మళ్ళీ పరీక్షకి రాదని కూడా నాకు తెలుసు. అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. ఏడాది పొడుగునా పిల్లల చేత ఆలోచింపజేయండని చెప్పింది నేను. నమ్మి చేసినది తను. ఇప్పుడు నేను నోరు మూసుకుంటే నేను చెప్పిన యూనిట్ మొత్తం పరీక్షలో రాయడానికి తప్ప దేనికీ కాదని ఒప్పుకున్నట్టే.

స్టాఫ్ రూములో విశ్వనాథం గారు టీ తాగుతున్నారు. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"సార్, ఏడో తరగతి పాఠం మీరు సగమే చూశారండి."

"ఆ సగంలో ఇద్దరు బెంచీలెక్కారమ్మా."

"ఎక్కారండి. మిగతా సగంలో దిగారు."

ఆయన కప్పు కింద పెట్టారు. నా వెనకే వచ్చిన ప్రిన్సిపాల్ గారు కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టారు.

"ఏమంటారు మీరు? మార్కు మార్చమంటారా?"

"లేదండి. పిల్లల్ని అడగమంటాను. పాఠం వచ్చిందో లేదో వాళ్ళ దగ్గరే తెలుస్తుంది గదా. రాకపోతే మీరు రాసినదే ఉండనివ్వండి. నేనింక మాట్లాడను."

"అడుగుతాను. కానీ మీరు గానీ ఆ అమ్మాయి గానీ పెదవి కదపకూడదు. ఒప్పుకుంటారా?"

ఒప్పుకున్నాను. జ్యోతిని పిలిపించాం. తనకి విషయం చెప్పాను. "పిల్లలు భయపడతారేమో మేడం" అని మాత్రం అంది.

చివరి పీరియడులో అందరం ఏడో తరగతికి వెళ్ళాం. విశ్వనాథం గారు బల్ల ముందు నిలబడి, గంభీరంగా, పుస్తకంలో ఉన్నట్టే అడిగారు. "బాష్పీభవన వేగాన్ని ప్రభావితం చేసే అంశాలేవి?"

ఎవరూ మాట్లాడలేదు. తలలన్నీ వంగిపోయాయి. జ్యోతి నా పక్కన చీర కొంగు మెలిపెడుతోంది. ఆయన మళ్ళీ అడిగారు. ప్రిన్సిపాల్ గారు దగ్గారు.

అప్పుడు కోటేశ్వరి లేచింది. "సార్, అంటే బట్ట ఎందుకు త్వరగా ఆరుద్దనాండి?"

"ఊఁ. అదే."

"అట్టా అడగండి సార్ మరి!"

ఆ తర్వాత ఆయనకి మాట్లాడే సందు దొరకలేదు. ఫ్యాను 'గాలి' గుంపు కిందకొస్తుందని, సైకిలు కూడా గాలేనని, పొయ్యి వేడి అని, దులిపి పరిస్తే ఎక్కువ చోట గాలి తగులుతుందని, ముసురులో ఆరకపోవడం గాల్లో అప్పటికే నీళ్ళుండటం వల్లనని ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు చెప్పారు. తువ్వాల్లో చుట్టి తొక్కడం బాష్పీభవనం కాదని, నీళ్ళు ఆవిరవకుండానే తువ్వాలుకి అంటుకుంటాయని, అందుకే దాన్ని బోర్డు మీద విడిగా పెట్టామని ఒకమ్మాయి చెప్పింది. అది విని నేను జ్యోతి వైపు చూశాను. తను నేల చూస్తోంది, కానీ నవ్వు ఆపుకోలేకపోతోంది.

విశ్వనాథం గారు అంతటితో ఆగలేదు. తెలివైన మనిషి. చెప్పింది అప్పజెప్పడం వేరు, చెప్పనిదానికి వాడుకోవడం వేరని ఆయనకి తెలుసు.

"సరే. సముద్రం ఒడ్డున చేపలు ఎండబెట్టేవాళ్ళు కొందరు ఇసకలో పరుస్తారు, కొందరు ఎత్తున తడికెల మీద పరుస్తారు. ఏవి ముందు ఎండుతాయి?"

"తడికెల మీదియ్యండి" అన్నారు చాలామంది.

"ఎందుకు?"

"కింద నుంచి కూడా గాలి తగులుద్దండి" అంది కోటేశ్వరి. ఒక్క క్షణం ఆగి, "ఇసక కూడా అంటుకోదండి" అని కలిపింది.

అప్పుడు నవ్వారాయన. పొద్దున్నుంచీ ఆ ముఖంలో నవ్వు చూడటం అదే మొదలు. నవ్వుతూనే, "నేను హాస్టల్లో చదువుకునేప్పుడు తడి చొక్కాని ఏం చేసేవాణ్ణో తెలుసా? ఇత్తడి చెంబులో నిప్పులేసుకుని దాంతో రుద్దేవాణ్ణి" అన్నారు.

"అది వేడి కిందకొస్తుందండీ!" అని తరగతంతా ఒకే గొంతుతో అరిచింది. ఒకడు పరిగెత్తుకెళ్ళి బోర్డు మీద 'వేడి' అని రాసి, దాని కింద 'సార్ చెంబు' అని రాశాడు. రిటైర్డు అధికారి గారు ఆ మాటని చదువుకుని, చేతులు కట్టుకుని, పిల్లల్లాగే నిలబడ్డారు.

బయటికి వచ్చాక జ్యోతితో అన్నారు. "పాఠం మధ్యలో లేచిపోయానమ్మా. పెళ్ళి చూడకుండా పందిరి చూసి వెళ్ళిపోయినట్టయింది." ప్రిన్సిపాల్ గారి వైపు తిరిగి, "మార్కుల కవరు ఇంకా అంటించలేదు లెండి" అన్నారు. ఆ ఏడాది బోధనలో అందరికంటే పైన నిలిచింది జ్యోతే. మిగతావాళ్ళ మార్కుల మీద ఏ కోపమూ పడలేదు.

ఆ సాయంత్రం ప్రిన్సిపాల్ గారు నాతో ఒక్కమాటే అన్నారు. "వచ్చే ఏడాది నుంచి పాఠం పూర్తయ్యేదాకా కూర్చోమని ముందే అడుగుదామండీ." అడిగాం. రోజులు పెరిగాయి, పని పెరిగింది. అయినా ఆ పద్ధతే నిలిచింది.

మీకు చెప్పదలుచుకున్నది

విశ్వనాథం గారి మీద చిన్నచూపు వద్దు. తన అభిప్రాయం తప్పని తేలే ప్రమాదం ఉన్న పరీక్షకి ఒప్పుకున్నాడాయన. అలాంటి పైఅధికారులు నా సర్వీసులో ఎక్కువమంది తగల్లేదు. గోలని చూసి పాఠం లేదనుకోవడం ఒక పొరపాటు. గోలే పాఠం అనుకోవడం ఇంకో పొరపాటు. ఈ రెండోది చేసే ఉత్సాహవంతులు ఇప్పుడు ఎక్కువయ్యారు. పిల్లలు ఏం చెప్పినా "వెరీ గుడ్" అని ఊరుకుంటే అది వాళ్ళని గౌరవించడం కాదు. కోటేశ్వరి చెప్పినదాన్ని మెచ్చుకుని వదిలేయకుండా జ్యోతి "ఆరుద్దా మరి?" అని అడిగింది చూడండి, గౌరవమంటే అది.

తెనాలి: బెల్లు కొట్టాక

తొంభైల్లో నేను తెనాలిలో ఒక ప్రైవేటు కాలేజీకి మారాను. అప్పటికి మా జిల్లా అంతటా కోచింగుల గాలి వీస్తోంది. నాలుగు జవాబులిచ్చి ఒకదానికి టిక్కు పెట్టమనే బిట్ల చదువు. దాన్ని నేను తిట్టను. ఎంతోమంది బీద పిల్లలు ఆ దారినే పైకొచ్చారు. కానీ ఆ దారిన వచ్చినవాళ్ళు టీచర్లవుదామని మా తరగతిలో కూర్చున్నప్పుడు, ఐదో జవాబు ఒకటుండొచ్చన్న ఊహే వాళ్ళకి తట్టేది కాదు. నేను ఏ ప్రశ్న వేసినా పెన్నులు తీసి కూర్చునేవారు.

జ్యోతి అప్పటికి చీరాల దగ్గర ప్రభుత్వ హైస్కూల్లో పనిచేస్తోంది. ఒక పాఠం చెప్పి వెళ్ళమని పిలిచాను. రైలు దిగి, ఆటోలో, జుట్టు చెదిరి, చేతిలో ఒక సుద్దముక్కల పెట్టెతో వచ్చింది. నేను చివరి బెంచీలో కూర్చున్నాను.

"మీ ఊళ్ళో రైల్వే గేటు పడితే ఎంతసేపు ఆపుతారండీ?" అంది. అందరూ నవ్వారు. తెనాలిలో ఆ బాధ తెలియనివాళ్ళెవరు! "సరే, గేటు పడింది. మీ చుట్టూ మీ తరగతి పిల్లలున్నారు. అక్కడే నిలబడి ఏమేం పాఠాలు చెప్పొచ్చు?"

ముందు బెంచీలో సుధాకర్ అనే కుర్రాడు, డిగ్రీలో మొదటి ర్యాంకువాడు, పెన్ను పట్టుకుని అడిగాడు. "పాయింట్లు మీరు చెప్తే రాసుకుంటాం మేడం."

"నా దగ్గర పాయింట్లు లేవండి. నేను గేటు దగ్గర నిలబడలా. మీరే నిలబడ్డారు."

జ్యోతి ఊరికే నిలబడింది. నేనైతే ఆ నిశ్శబ్దాన్ని భరించలేక ఏదో ఒక జవాబు అందించేసేదాన్ని. తను అందించలేదు. కాసేపటికి వెనక నుంచి ఒకమ్మాయి, "గేటు కర్ర లేచేది తులాదండం పాఠమేమో గదండీ" అంది నసుగుతూ. జ్యోతి రాసింది. పట్టాల మధ్య సందు వ్యాకోచం పాఠమని ఒకరు, రైలు దాటిపోయేటప్పుడు కూత మారుతుందని ఒకరు, పెట్టెలు లెక్కపెట్టి రైలు వేగం కట్టొచ్చని ఇంకొకరు. సాంఘికశాస్త్రం వాళ్ళు గూడ్సులో ఏ సరుకు ఎటు పోతోందో తమ పాఠమన్నారు. తెలుగు వాళ్ళు గేటు దగ్గర జనం మాట్లాడుకునే మాటలన్నీ మావేనన్నారు. బోర్డు చాలక జ్యోతి పక్కగోడ మీద కూడా రాసింది.

అప్పుడు సుద్దముక్క కింద పెట్టింది. "రేపు పొద్దున్న మీరు ఆరో తరగతికి వెళ్తున్నారు. గేటు పడింది. ఒక్క పాఠానికే టైముంది. ఏది? ఎందుకు?"

అంతే. అంతసేపూ వచ్చినదంతా ఒక ఎత్తు, ఇప్పుడు లేచిన వాదన ఒక ఎత్తు. ఆరో తరగతికి కూత సంగతి అందదని ఒకరు, పిల్లలు మొదట వినేదే అదని ఒకరు. సుధాకర్ పెన్ను ఎక్కడో పడేసి లేచి నిలబడ్డాడు. "లేదు మేడం, నేనొప్పుకోను. కంటికి కనపడేదాంతో మొదలుపెట్టాలి. గేటు కర్రే!" అని బల్ల చరిచాడు. వెనకమ్మాయి అతన్ని ఎదుర్కొంది. తనే మొదట చెప్పిన తులాదండాన్ని తనే కాదని, పిల్లలు తామే కొలవగలిగేది పెట్టెల లెక్కేనని వాదించింది. అంత బాగా వాదించింది కాబట్టి సుధాకర్ "అట్టాగైతే సరేనండి, మీరన్నదే కరెక్టు" అని కూర్చున్నాడు. మొదటి ర్యాంకువాడు నలుగురిలో మనసు మార్చుకోవడం నేను ఆ గదిలో మొదటిసారి చూశాను.

ఈ పని నాకంటే తను బాగా చేస్తోంది. ఆ మాట నాకు తోచిన క్షణంలో కలిగిన సంతోషం ఏ సన్మానంలోనూ కలగలేదు.

బెల్లు కొట్టారు. ఎవరూ లేవలేదు. తర్వాతి పీరియడులో లెక్కల బోధన చెప్పే మూర్తి గారు గుమ్మంలో నిలబడ్డారు. లోపల జరుగుతున్నదాన్ని చూసి ఏం చెయ్యాలో తోచక, నా వైపు చూశారు. నేను జరిగి బెంచీ మీద చోటిచ్చాను. ఆయన కూర్చున్నారు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని బోర్డుని, గోడని చదువుకున్నారు.

తర్వాత చెయ్యెత్తారు.